కడుపుతో ఉన్న పిల్లచుంచు

ముందే చెప్పేస్తున్నాను. నాకు రాయడం సరిగా రాదు. మూడో తరగతి దాకా చదివాను. నాలుగో తరగతి హాజరు పట్టీలో నా పేరు ఉండేది గానీ నేను ఉండేవాణ్ణి కాదు. చేలో ఎలకల బుట్టలు పెడుతూ ఉండేవాణ్ణి. ఒత్తులు ఎక్కడ పడతాయో, దీర్ఘాలు ఎక్కడ ఉండాలో నాకు ఇప్పటికీ గట్టిగా తెలియదు. ఈ కాగితాలు మూడుసార్లు చింపేసి నాలుగోసారి రాస్తున్నాను. కొండల్లో నా పక్కనుంచి నాగుపాము పోయినప్పుడు కూడా ఇంత భయపడలేదు. మా ఆవిడ అటూ ఇటూ తిరుగుతూ, "మీ రాత చదవడానికి కళ్ళజోడు చాలదండీ, ఓపిక కావాలి," అంటోంది. ఆ ఓపిక మీ దగ్గర ఉందనుకుని మొదలుపెడుతున్నాను.

నేను ఒక ఆఫీసులో చాలా ఏళ్ళు పనిచేసి దిగిపోయాను. ఆఫీసు పేరు రాయను. కొండల మీద ఉండే ఎలకలు, చుంచులు, గబ్బిలాలు, ఉడతలు పట్టి తెచ్చి, ఏది ఏ జాతో తేల్చి చెప్పడం అక్కడి పని. తేల్చేది పెద్దలు. పట్టేది నేను. ఇప్పుడు ఆ పనిలోకి కొత్తవాళ్ళు వస్తున్నారు. వాళ్ళకి ఆఫీసువాళ్ళు తెర మీద రంగుల బొమ్మలు చూపించి అంతా చెబుతారు. వాళ్ళు చెప్పనివి నేను రాస్తున్నాను.

తోకలు

మాది కొత్తపేట దగ్గర, పలివెల పక్కన చిన్న ఊరు. మా తాత, మా నాన్న వరి చేలల్లో ఎలకలు పట్టేవాళ్ళు. వెదురు బుట్ట, దానికి ఒక బద్ద విల్లులా వంచి కట్టిన తాడు, లోపల కాల్చిన కొబ్బరి ముక్క. ఎలక తల పెట్టగానే తాడు మెడకి బిగుస్తుంది. పొద్దున్నే వెళ్ళి ఎలకల్ని తీసి, తోకలు కోసి, కట్ట కట్టి రైతుకి చూపించేవాళ్ళం. ఎన్ని పట్టామో రైతుకి తెలియడానికి తోక చాలు. మిగతా ఎలకతో ఆయనకి పనిలేదు.

ఒకసారి పట్నం నుంచి ఒక డాక్టరు గారు మా చేలల్లో ఎలకలు చూడడానికి జీపులో వచ్చారు. డాక్టరనగానే మా వీధిలో ఇద్దరు ముసలాళ్ళు వచ్చి మోకాళ్ళ నొప్పులు చెప్పుకున్నారు. ఆయన చదువు ఎలకల మీద చదివిన చదువని తెలిసి ఒకాయన నా చెవిలో, "ఒరే సూర్రావు, మనం చంపుతుంటే ఈయన వైద్యం చేత్తారేంట్రా?" అన్నాడు. ఆ డాక్టరు గారే నా చేతివాటం చూసి, "కొండలకి వస్తావుటోయ్?" అని అడిగారు. ఆయ్ అన్నాను. అలా నా ఉద్యోగం మొదలైంది.

మొదటి క్యాంపు పాడేరు పైన కొండల్లో. మొదటి రోజే పధ్నాలుగు ఎలకలు పట్టాను. పొంగిపోయాను. ఎలకలన్నీ ఒక గోనె మీద వరసగా పేర్చి, తోకలన్నీ కోసి, అరటినారతో శుభ్రంగా కట్ట కట్టి, ఆకులో పెట్టి తీసుకెళ్ళి డాక్టరు గారి ముందు పెట్టాను.

"వీటి తోకలేవయ్యా?" అన్నారాయన.

"ఇయ్యిగోండి సార్. పధ్నాలుగు. చూసుకోండి."

"ఏ తోక ఏ ఎలకదీ?"

"అది దేనికండీ? ఎన్నో తెలిత్తే చాలు కదండీ."

ఆయన కుర్చీలో కూర్చుని రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగారు. తర్వాత చెప్పారు. తోక ఒంటికన్నా పొడుగా, పొట్టా, వెంట్రుకలున్నాయా, అడుగున తెలుపా నలుపా అన్నదాన్ని బట్టి సగం జాతి తెలుస్తుందట. నేను కోసింది ఎలకల చిరునామాలన్నమాట. ఆ రోజంతా నన్ను కూర్చోబెట్టి ఏ తోక ఏ ఎలకదో జత కలపమన్నారు. పెళ్ళి సంబంధాలు కుదిర్చినట్టు ఒక్కొక్కదానికీ పెట్టి చూశాను. పదకొండు కుదిరాయి. మూడు ఇప్పటికీ అనుమానమే. అవి ఆఫీసు సొరుగులో ఇంకా ఉన్నాయి. వాటి మీద ఎవరైనా గొప్ప పరిశోధన చేస్తే దయచేసి నాకు చెప్పకండి.

బుట్టలు కూడా మానిపించారు. మా తాడు మెడతో పాటు పుర్రె వెనక భాగం కూడా చితక్కొడుతుంది. వాళ్ళకి పుర్రె నిండుగా కావాలి.

కొత్త జాతి ఎక్కడ దొరుకుతుంది

పెళ్ళిళ్ళలో, బస్సుల్లో అందరూ ఒకటే అడుగుతారు. కొత్త జంతువు కనపడగానే గంతులు వేసేవాళ్ళా అని. కొండ మీద ఎవరికీ ఏమీ తెలియదు. పట్టిన దాన్ని ముక్కు నుంచి తోక మొదలు దాకా కొలుస్తాం. తోక కొలుస్తాం. వెనక పాదం, చెవి కొలుస్తాం. తూకం వేస్తాం. పొట్ట దగ్గర చిన్న గాటు పెట్టి, చొక్కా విప్పినట్టు చర్మం విప్పి, లోపల దూది పెట్టి, తోకలోకి తీగ ఎక్కించి, కుట్టి, చెక్కకి గుచ్చి ఆరబెడతాం. పుర్రె విడిగా శుభ్రం చేస్తాం. కాలికి చీటీ కడతాం. ఆ చీటీ మీద నంబరు, ఊరు, తేదీ, ఆడదో మగదో ఉంటాయి. అంతే. పెట్టెలో పెట్టి పట్నం పంపిస్తాం.

రెండు మూడేళ్ళకి ఎవరో ఆ సొరుగు లాగి, భూతద్దం పెట్టి పళ్ళు చూసి, పక్క సొరుగులో వాటితో పోల్చి, ఇది అది కాదు అంటారు. కొండ మీద పుట్టి, కొండ మీద చచ్చిన జంతువు ఆఫీసులో ఫ్యాను కింద కొత్తగా పుడుతుంది. కాఫీలు తెప్పిస్తారు.

ఇంకొకటి. ఇది బతుకుతోంది అని చెప్పడానికి మనం దాన్ని చంపి తెస్తాం. పనిలో చేరేవాళ్ళు ఇది ముందే తెలుసుకుని రండి. తెలిసి బాధపడేవాళ్ళతో పనిచేశాను, ఏ బాధా లేనివాళ్ళతోనూ చేశాను. ఏ బాధా లేనివాళ్ళు అవసరానికి మించి చంపుతారు. వాళ్ళతో క్యాంపుకి వెళ్ళకండి.

కుర్చీ

మా డాక్టరు గారి చదువు దొంగ చదువు కాదు. చిన్న పుర్రె అరచేతిలో పెడితే చాలు, చూస్తూనే పేరు చెప్పేవారు. ఆ మాట ఒప్పుకోవాలి. కాకపోతే ఆయన కాళ్ళు కొండ ఎక్కేవి కావు, నోరు దిగేది కాదు. ఆయనకో మడత కుర్చీ ఉండేది. దాన్ని నేనే మోసేవాణ్ణి. కొండ కింద నీడ చూసి వేస్తే, మేము దిగివచ్చేదాకా అందులోనే ఉండేవారు. ఆయన కనిపెట్టిన జాతులన్నీ ఆ కుర్చీలోంచి కనిపెట్టినవే.

ఒక కొత్త చిట్టెలకకి ఆయన పై అధికారి పేరు పెట్టారు. ఆ అధికారి గారు జీవితంలో కొండ ఎక్కలేదు. ఎలకని చూస్తే బల్ల ఎక్కుతారు. సభ పెట్టి, శాలువా కప్పి, ఆయన పేరున్న చిట్టెలకని పళ్ళెంలో పెట్టి అందిస్తే, చెయ్యి వెనక్కి లాక్కుని, "ఇది చచ్చిందేనా?" అని అడిగారు. లోపల దూది ఉందని నేనే చెప్పాను.

డాక్టరు గారికి ఒక నియమం ఉండేది. చీటీ మీద చదువుకున్నవాళ్ళే రాయాలి, ఇంగ్లీషులోనే రాయాలి. "నువ్వు నంబరు వెయ్యి చాలు. మిగతాది మేము చూసుకుంటాం," అనేవారు. నేనూ హాయి అనుకున్నాను. నంబరైతే తప్పు పోదు కదా.

ఆ హాయి ఒకరి కొంప మీదికి తెచ్చింది. అసలు నేను రాయాలనుకున్నది అదే.

కొండమ్మ కుండ

మాధవి గారని రాజోలు అమ్మాయి మా డాక్టరు గారి దగ్గర పరిశోధనకి చేరింది. మొదటి రోజు నా మాట విని, "మీది కోనసీమేనాండీ?" అంది. "ఆయ్, పలివెల పక్కనండి," అన్నాను. ఆ పూట నుంచి నేను బాబాయి గారినైపోయాను. తన సంచి తనే మోసుకునేది. కొండ నాకంటే ముందు ఎక్కేది. కుర్చీ అడిగేది కాదు.

ఒక ఎత్తైన కొండ మీద పది ఇళ్ళ ఊరిలో మకాం పెట్టాం. అక్కడ ఉండగా ఆమెకి జ్వరం వచ్చి రెండు రోజులు బడి గదిలో పడుకుంది. రెండో రోజు పొద్దున కొండమ్మ అనే ముసలమ్మ నన్ను పిలిచింది. ఆమె ఖాళీ అంబలి కుండలో ఏదో పడితే గరిటెతో ఒక్కటేసిందట.

తీసి చూశాను. ఎలక కాదు, మూతి కోసుగా ఉండే చుంచు. మన ఇళ్ళలో గోడవారన కిచకిచమంటూ పోయేదానిలో సగం ఉంటుంది. నల్లగా ఉంది. తోక పొట్టి. ముందు కాళ్ళ గోళ్ళు పొడుగు. ఇళ్ళలో చుంచు కొట్టే కంపు దీనికి లేదు.

"ఇలాంటిది ఇంతకుముందు చూసేవా అమ్మా?" అని అడిగాను.

"ఏటి బాబూ, సూడకపోడమేటి? మా అమ్మమ్మ కాడ్నించీ ఉన్నదే. గెడ్డ పక్కన ఆకు కుప్పల కింద ఉంటాది. నీకు కొత్తేమో గానీ నాకేటి కొత్త?"

గెడ్డ అంటే అక్కడివాళ్ళకి వాగు. ఒక్కణ్ణే కూర్చుని కోశాను. కొలతలన్నీ అంకెలే కాబట్టి పుస్తకంలో వేశాను. కడుపులో పెసరగింజలంత పిల్లలు మూడు ఉన్నాయి. చూశాను. పేగులతో పాటు అవతల పారేశాను. ఎందుకు పారేశానంటే, మా చేలల్లో పట్టే ఆడ ఎలకల్లో కడుపుతో లేనిది ఎప్పుడో గానీ దొరకదు. పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నది అదే. అది ఒకరికి చెప్పే సంగతే కాదనుకున్నాను. కాలికి నంబరు కట్టాను. మాధవి గారు లేచాక చుంచుని చూసి కళ్ళు పెద్దవి చేసుకుంది. అప్పుడైనా చెప్పొచ్చు. నాకు గుర్తే లేదు.

పిల్ల అన్నారు

ఆమె ఆ చుంచుని పట్టుకుని మూడేళ్ళు కూర్చుంది. ఎన్ని సొరుగులు లాగిందో. ఇలాంటిది ఇంకెక్కడా లేదని తేల్చుకుంది. పరిశోధన పుస్తకంలో దాని మీదే పెద్ద భాగం రాసింది. దాని మీద డాక్టరు గారు సంతకం పెడితేనే ఆమె చదువు అయినట్టు. ఒకరోజు గదిలో అందరినీ కూర్చోబెట్టి ఆ సంగతి తేల్చారు. నేను చుంచు ఉన్న పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను.

డాక్టరు గారు భూతద్దంలోంచి ఇటు చూశారు, అటు చూశారు. "అమ్మాయ్, ఇది పిల్ల. మామూలు చుంచు పిల్ల. పెద్దయితే మామూలుగానే ఉండేది. ఈ భాగం తీసెయ్," అన్నారు.

"పళ్ళు అరిగి ఉన్నాయి సార్. పిల్లకి అరగవు కదండీ."

"నువ్వు పుట్టక ముందు నుంచీ నేను పళ్ళే చూస్తున్నాను. పుర్రె వెనక అతుకులు చితికిపోయాయి. అవి చూడకుండా వయసు ఎలా చెబుతావు?"

కొండమ్మ గరిటె దెబ్బ అది.

"పోనీ ముక్క తీసి డిఎన్ఏ పరీక్షకి పంపిద్దాం సార్."

"పిల్లచుంచుకి పరీక్షలేంటమ్మా? రేపు వాటికి పుట్టినరోజులు కూడా చేద్దామంటావు." అందరూ నవ్వారు. పెద్దాయన జోకు వేశారు కదా, నవ్వాలి.

పిల్ల అనే మాట అప్పుడు నా బుర్రలో పడింది. నోరు ఊరుకోలేదు. "సార్, అది పిల్ల కాదండి. కడుపుతో ఉందండి. మూడు పిల్లలండి లోపల. నేనే కోసేనండి."

గదిలో నవ్వు ఆగిపోయి మళ్ళీ మొదలైంది. ఈసారి నా మీద.

"ఏవయ్యా సూర్రావు, పిల్లకి కడుపా? ఎక్కడ రాశావు?"

"రాయలేదండి."

"ఆ మూడు పిల్లలూ ఎక్కడున్నాయి?"

"పారేసేనండి."

"రాయనిది లేనట్టే. పళ్ళెం అక్కడ పెట్టి టీలు పట్రా."

టీలు పట్టుకొచ్చాను. వినడానికి చేదుగా ఉన్నా ఆయన అన్నది నిజమే. ఆయన నియమం వల్లే నేను రాయలేదన్నదీ నిజమే. అది మాత్రం ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. అంత ధైర్యం టీ కప్పులు మోసేవాళ్ళకి ఉండదు.

వసారాలో మాధవి గారు నిలబడి ఉంది. ఏడుస్తుందనుకున్నాను. మండిపడింది.

"ఒక్క ముక్క రాయాల్సింది కదండీ బాబాయి గారూ! మూడేళ్ళండీ. మూడేళ్ళు నేను పిల్లకి లెక్కలు కట్టేనని నవ్వుతున్నారు."

"నాకు ఇంగ్లీషు రాదు కదమ్మా."

"తెలుగులో రాయాలండీ! చుంచుకేవైనా ఇంగ్లీషొచ్చాండీ?"

పుస్తకం ఇచ్చెయ్యడానికి ఇంక నెలన్నర ఉంది. ఆ భాగం తీసేస్తే సంతకం వెంటనే పెడతానన్నారు డాక్టరు గారు. తియ్యకపోతే ఆమె ఇంటికే. నేను ఆమె మొహం చూడలేకపోయాను. "పదండమ్మా, ఇంకోటి పట్టుకొద్దాం," అన్నాను. ఇద్దరం సెలవు పెట్టాం. జీపు ఇవ్వలేదు. బస్సులో వెళ్ళాం.

కొబ్బరి ముక్కలు

ఇంటి దగ్గర్నుంచి కొబ్బరికాయలు ఒక సంచీడు తీసుకెళ్ళాను. మన కాయకి మించిన ఎర లేదని నా గట్టి నమ్మకం. అయిదు రోజులు కాల్చిన కొబ్బరి పెట్టి బోనులు వేశాను. ఎలకలు పండగ చేసుకున్నాయి. చుంచు జాడ లేదు. ఎలకల్ని వదిలేశాం.

కొండమ్మ వచ్చి బోను దగ్గర కూర్చుని నవ్వింది. "కొబ్బరికాయెట్టి పిలుత్తన్నావా? దేవుడనుకున్నావేటి? అది పురుగు తినీది బాబూ. నీ బోనులోకి ఎందుకొస్తాది? నా కుండలోకొచ్చిందంటే దారిలో ఉంది గనక పడింది."

ఇన్నేళ్ళ అనుభవం అని చెప్పుకునేవాణ్ణి. అంబలి కుండకి ఉన్న తెలివి నాకు లేదు. ఆ మధ్యాహ్నమే గెడ్డ పక్కన, ఆమె చూపించిన ఆకు కుప్పల మధ్య, ఖాళీ నూనె డబ్బాలు మూతి నేలకి సమానంగా వచ్చేలా పాతాం. ఎర లేదు, ఏమీ లేదు. అటుగా నడిచేది అందులో పడాలి. మొదటి రోజు పేడపురుగులు. రెండో రోజు కప్పలు. మూడో రోజు వాన, డబ్బాల నిండా నీళ్ళు. మాధవి గారు రోజూ వేళ్ళు మడిచి ఇంకెన్ని రోజులు మిగిలాయో చూసుకునేది. పైకి అనేది కాదు.

తిరిగి బయల్దేరాల్సిన పొద్దున, చివరి డబ్బాలో ఉంది. ప్రాణంతో ఉంది. నల్లగా, పొట్టితోకతో, డబ్బా గోడ గోళ్ళతో గీకుతోంది. ఆమె గుడ్డలో పట్టుకుని వెనక్కి తిప్పింది. చనుమొనలు తేలి ఉన్నాయి. పొట్ట ఉబ్బి ఉంది.

ఆమె చదువు ఆ గుడ్డలో ఉంది.

"వదిలేద్దామాండీ?" అని నేనే అడిగాను.

"వదిలేత్తే అది పిల్ల అనే ఉండిపోద్దండీ, బాబాయి గారూ. ఈ కొండ మీద ఇది ఉందని ఎవరూ ఒప్పుకోరు. రేపు కొండంతా తవ్వేసినా అడిగేవాడుండడు." గుడ్డ నా చేతికిచ్చి, "చెయ్యండి. నేను ఇక్కడే ఉంటాను," అంది.

చేశాను. ఆమె మొహం తిప్పుకోకుండా చూసింది. మూడు. ఈసారి సీసాలో వేశాం. పుర్రె నిండుగా ఉంది. అప్పుడు ఆమె చీటీ, పెన్సిలు నా ముందు పెట్టింది. నేను రాశాను. చీటీ మీద చోటు చాలక రెండో వైపుకి తిప్పి రాశాను. ఆడది. కడుపుతో ఉంది. పిల్లలు మూడు. నేను చూశాను. సూర్రావు.

కొండమ్మకి వెళ్ళేముందు చెప్పాను. "నువ్వు చెప్పిన చోటే దొరికిందమ్మా. ఇది కొత్త జాతని పుస్తకాల్లో రాస్తారు."

"మూడు పిల్లల తల్లిని ఒట్టుకెల్లిపోయి, అది ఉందని రాసుకుంటారేటి? మంచి సదువే," అంది. మాధవి గారు సీసా గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది. ఇద్దరం కొండ దిగాం.

చీటీ

డాక్టరు గారు పుర్రెని భూతద్దం కింద ఇటూ అటూ తిప్పి చూశారు. పరీక్షకి ముక్క పంపారు. వేరే జాతే అని వచ్చింది. సంతకం పెట్టారు. తర్వాత అచ్చయిన వ్యాసంలో మొదటి పేరు ఆయనది, రెండోది మాధవి గారిది. పిల్ల అన్నాయన పేరు ముందు ఎందుకుందో నన్ను అడక్కండి. చివర చిన్న అక్షరాల్లో కృతజ్ఞతలు చెప్పిన పేర్లలో, జీపు డ్రైవరు తర్వాత నేనున్నాను. ఆ డ్రైవరు ఆ కొండకి రానేలేదు. కొండమ్మ పేరు ఎక్కడా లేదు. చుంచుకి ఎవరి పేరు పెట్టాలని ఆలోచన జరిగింది. బల్ల ఎక్కే అధికారి గారు అప్పటికే పదవి దిగిపోయారు కాబట్టి ఇంక ఆయన పేరుతో పని పడలేదు. కొండ పేరు పెట్టారు.

చుంచుని సొరుగులో పెట్టే రోజున డాక్టరు గారు కత్తెర తెచ్చారు. "ఈ తెలుగు చీటీ ఏమిటి, పై దేశాల వాళ్ళు వచ్చి చూస్తే పరువు పోతుంది. తీసేసి మంచిది కడదాం," అన్నారు.

మాధవి గారు పళ్ళెం వెనక్కి లాక్కుంది. "మంచిది కూడా కట్టండి సార్. ఇది మాత్రం కొయ్యకూడదండీ. పట్టినచోట కట్టిన చీటీ ఎప్పటికీ విప్పకూడదని మాకు పాఠం చెప్పింది మీరే కదండీ."

ఆయన తన పాఠం తనే ఎలా కోస్తారు? కత్తెర జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు.

ఆ చుంచు ఇప్పుడు రెండు చీటీలతో ఉంది. ఇంగ్లీషు చీటీ మీద అన్నీ ఉన్నాయి. అది తల్లి అన్న సంగతి నా చీటీ మీదే ఉంది. పై దేశం ఆయన ఒకరు వచ్చి, అందులో ఏముందని అడిగి, మాధవి గారు చెబుతుంటే రాసుకుని వెళ్ళారట.

కొత్తగా చేరేవాళ్ళకి నేను చెప్పేది ఇంతే. మీకు వచ్చిన భాషలో, వచ్చినట్టు, చూసిన చోటే రాసేయండి. చూసింది చిన్న సంగతా పెద్ద సంగతా అని మీరు తేల్చకండి. నేను తేల్చాను కాబట్టే రెండో తల్లి చచ్చింది. మొదటిసారి ఒక్క ముక్క రాసి ఉంటే అది ఆ గెడ్డ పక్కనే ఈనేది.

ఇందులో అక్షరాలు తప్పుగా పడి ఉంటాయి. ఒకచోట చెప్పాల్సింది ఇంకోచోట చెప్పి ఉంటాను. పెద్ద మనసుతో క్షమించండి. చదువుకున్నవాళ్ళు ఎవరైనా సరిచేస్తానంటే అక్షరాలు సరిచేయండి, అభ్యంతరం లేదు. చూసినవి మాత్రం కదపకండి.